ఆడపిల్లల రోబోటిక్స్ క్లబ్: ఏమిటి, ఎందుకు, ఎలా నడుస్తుంది

గత పాలక సభలో ఒక తండ్రి లేచి నిలబడి అడిగారు: "సార్, ఆడివిల్లకు గీ మిషిన్ల పని దేనికి? దహావీల మార్కులు కలుస్తయా దీనితోని?" ఆయన కోపంతో అడగలేదు, తెలుసుకోవాలనే అడిగారు. ఆ రోజు సభ ఆలస్యమై నా జవాబు సగంలో ఆగిపోయింది. క్లబ్బులో కొత్తగా చేరే పిల్లలకు, వాళ్ల ఇళ్లలోవారికి పనికివచ్చేలా ఆ జవాబును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఎప్పుడైనా తీసి చూసుకోవచ్చు.

(మరాఠీలో 'పాలక్' అంటే తల్లిదండ్రులు. తెలుగులో 'పాలకులు' అంటే రాజ్యమేలేవాళ్లు. మన నాందేడ్ తెలుగు బడిలో రెండర్థాలూ సరిపోతాయి. ఆడపిల్ల చదువు ఎంతవరకో తేల్చేది చివరికి మీరే కదా.)

రోబో అంటే ఏది?

పిల్లలు రోబో అనగానే సినిమాలో మనిషిలా నడిచే ఇనుప బొమ్మను ఊహించుకుంటారు. ఆ మాట పుట్టింది ఒక నాటకంలో. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంలో మనుషులకు బదులు పనిచేసే కూలీలను 'రోబో'లన్నారు. చెక్ భాషలో 'రోబోటా' అంటే వెట్టిచాకిరీ. నిజాం కాలంలో మన తాతలు వెట్టి అన్నా, మరాఠీవాళ్లు వేఠ్ అన్నా అదే.

బడి పని వరకు ఈ మూడు లక్షణాలు చూస్తే చాలు. చుట్టూ ఏం జరుగుతోందో పసిగట్టాలి, దాన్ని బట్టి ఒక నిర్ణయం తీసుకోవాలి, ఆ నిర్ణయం ప్రకారం కదలాలి. పసిగట్టేది సెన్సర్, నిర్ణయించేది మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్, కదిలించేది మోటారు. ఇంట్లో మిక్సీ రోబో కాదు, ఎందుకంటే అందులో ఏముందో దానికి తెలియదు. పైట్యాంకు నిండగానే పంపును తానే ఆపే పరికరం మాత్రం ఆ దారిలో మొదటి మెట్టు. మనిషి ఆకారం అక్కర్లేదు.

అమ్మ భుజం నొప్పి నుంచి పుట్టిన యంత్రం

క్లబ్బులో మొదటి రోజు నేను ఎప్పుడూ చింతకింది మల్లేశం గారి గురించే చెబుతాను. మన బడిలో పద్మశాలి ఇళ్ల పిల్లలు చాలామంది. కొందరి తాతలు మగ్గం నేసినవాళ్లే. అయినా ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

ఆయనది ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. పోచంపల్లి రకం చీరలు నేయాలంటే ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని అర్ధచంద్రాకారంగా నిలబెట్టిన మేకుల చుట్టూ ఇటూ అటూ తిప్పాలి. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఈ పని ఇంట్లో ఎవరు చేసేవాళ్లు? ఆడవాళ్లే. మల్లేశం గారి తల్లి లక్ష్మమ్మ గారికి భుజం పట్టేసి చెయ్యి లేవని స్థితి వచ్చింది. అమ్మ చేసే పనిని యంత్రం చేత చేయించాలని 1992లో మొదలుపెట్టారు, 1999లో సాధించారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. తర్వాత దానికి ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా చేర్చారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం మీద సినిమా కూడా వచ్చింది, దొరికితే ఇంటిల్లిపాదీ చూడండి.

ఈ కథ చెప్పాక పిల్లలను నేనొకటి అడుగుతాను. ఆసు పోసే నొప్పి తరతరాలుగా ఆడవాళ్లది. దాన్ని తీర్చే యంత్రం చేసింది ఒక కొడుకు, అదీ ఏడేళ్లు కష్టపడి. ఆ నొప్పి పడుతున్న ఆడవాళ్లలో ఒకరి చేతికే పానా, స్క్రూడ్రైవర్ ముందే వచ్చి ఉంటే ఏమయ్యేది? ఇంటి పనిలో ఎక్కడ నడుము విరుగుతుందో, ఎక్కడ చెయ్యి కాలుతుందో, ఎక్కడ పొద్దంతా వృథా అవుతుందో ఆడపిల్లలకు తెలుసు. ఏ యంత్రం చెయ్యాలో తెలిసినవాళ్లకు ఎలా చెయ్యాలో నేర్పడం సులువు. మన క్లబ్బు ఈ ఆలోచన మీదే నడుస్తుంది.

ఇంకో మాట. ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన 1804లో చేసిన మగ్గంలో, ఏ దారం లేవాలో ఏది లేవకూడదో చిల్లులున్న అట్టలే చెబుతాయి. చిల్లు ఉంటే ఒక పని, లేకుంటే ఇంకో పని. కంప్యూటర్ ప్రోగ్రాముకు మూలం అదే. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఈ అట్టల ఆలోచననే తీసుకున్నాడు. ఆ యంత్రం ఎలా లెక్క కట్టాలో 1843లో మెట్టుమెట్టుగా రాసి అచ్చువేయించింది ఏడా లవ్‌లేస్ అనే స్త్రీ. జకార్డు అట్టలు కట్టిన తాత ఇంట్లో ఉంటే మనవరాలికి ఒకసారి చెప్పించండి. మా పాఠం కన్నా బాగా అర్థమవుతుంది.

ఆడపిల్లలకు విడిగా ఎందుకు?

మొదట నేను కూడా విడిగా వద్దనే అన్నాను. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి నేర్చుకోవాలి అని నా వాదన. కలిపి నడిపిన రోజుల్లో ఏం చూశానంటే, నలుగురి జట్టులో ఒక కిట్టు ఇస్తే స్క్రూడ్రైవర్ అబ్బాయి చేతికి పోతుంది. అమ్మాయికి నోటుబుక్కు వస్తుంది. "నీ అక్షరం బాగుంటుంది, నువ్వు రాయి" అంటారు. ప్రదర్శన రోజు చార్టుకు రంగులు వేసేది, అతిథులకు నమస్కారం పెట్టేది అమ్మాయే. వైరు ఎక్కడ తగిలించాలో మాత్రం ఆమెకు తెలియదు. ఎవరూ చెడ్డగా ప్రవర్తించలేదు, అలవాటు అలా నడిపించింది. ఆడపిల్లలే ఉన్న జట్టులో స్క్రూడ్రైవర్ పట్టడానికి వేరే ఎవరూ ఉండరు, కాబట్టి పట్టుకోక తప్పదు. ఏడాది రెండేళ్లు గడిచి చెయ్యి తిరిగాక కలిపి పనిచేయిస్తే ఇక ఇబ్బంది ఉండదు.

తెలుగువాళ్లకు ఈ దారి కొత్తది కాదు. అయ్యలసోమయాజుల లలిత గారు 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో అలాంటి ఆడపిల్ల గతి ఏమిటో మన ఇళ్లలో పెద్దలకు చెప్పక్కర్లేదు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. ఆయన పై అధికారులతో మాట్లాడి కూతురిని అక్కడే చేర్పించారు. 1943లో ఆమె ఎలక్ట్రికల్ ఇంజినీర్ అయ్యారు, దేశంలోనే మొదటి మహిళా ఇంజినీర్లలో ఒకరు. పట్టా మీద ముందే అచ్చయి ఉన్న 'అతడు' అనే మాటను కొట్టివేసి 'ఆమె' అని రాయవలసి వచ్చింది. తర్వాత భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల్లో ఆమె పాలుంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సభకు వెళ్లారు. ఆమె ప్రతిభ ఎంతో, తండ్రి పట్టుదల కూడా అంతే. తండ్రులు ఈ భాగం రెండుసార్లు చదవాలని నా మనవి.

బయటి లోకంలో అఫ్ఘనిస్తాన్ హెరాత్ పట్టణపు అమ్మాయిల రోబోటిక్స్ జట్టు గురించి పై తరగతుల పిల్లలకు తెలియాలి. 2017లో వాషింగ్టన్‌లో ఫస్ట్ గ్లోబల్ అనే పోటీకి వాళ్లు వెళ్లాలి. రెండుసార్లు వీసా నిరాకరించారు. చివరి ఘడియలో అనుమతి వచ్చింది. వెళ్లారు, ధైర్యానికి ఇచ్చే వెండి పతకంతో తిరిగివచ్చారు. 2020లో కరోనా వచ్చినప్పుడు పాత కారు భాగాలతో చవక వెంటిలేటర్ నమూనా చేశారు. 2021లో ప్రభుత్వం మారాక ఆ జట్టులో చాలామంది దేశం విడిచి వెళ్లిపోయారు. అక్కడ ఇప్పుడు ఆడపిల్లలకు ఆరో తరగతితో బడి ఆఖరు. అదే ఫస్ట్ గ్లోబల్ పోటీకి 2019లో మన దేశం తరఫున వెళ్లింది ముంబై అమ్మాయిల జట్టు. మన బడి పిల్లలకు ముంబై రాత్రి రైలు ప్రయాణం దూరమే.

రోజులు, వేళలు, మనుషులు

క్లబ్బు శనివారం. సగం పూట బడి అయి, పిల్లలు ఖిచిడీ తిన్నాక 11:30 నుంచి 1:30 వరకు. సాయంత్రం ఎందుకు పెట్టలేదని కొందరు అడిగారు. చీకటి పడే వేళకు ఆడపిల్ల ఇంటికి చేరకపోతే మొదటి వారమే ఇంట్లో గొడవ, రెండో వారం మాన్పించడం. పల్లెల నుంచి ఎస్టీ బస్సులో వచ్చేవాళ్లకు మధ్యాహ్నం బస్సు అందాలి. వేళ తప్పితే ఎంత మంచి కిట్లు కొన్నా వృథా. క్లబ్బు పెట్టాలనుకునే వేరే బడుల వాళ్లకు నేను ఇచ్చే మొదటి సలహా కూడా ఇదే, ముందు బస్సు టైము చూడండి, తర్వాత కిట్టు కొనండి.

గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉంటారు. వారిలో ఒకరు తప్పకుండా స్త్రీ: టీచరమ్మ గానీ ఒక తల్లి గానీ. తలుపులు తీసే ఉంటాయి. బయటి నుంచి నేర్పడానికి వచ్చేవాళ్లు పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోరాదు, ఏ సందేశమైనా తల్లిదండ్రుల నంబరుకే వెళ్లాలి. ఏ ఇబ్బంది ఉన్నా బడిలోని సఖీ సావిత్రి సమితికి చెప్పవచ్చు, లేదా 1098కి ఫోన్ చేయవచ్చు. ఈ మాట పిల్లలకు ఇంట్లో కూడా చెప్పండి.

ఇది మన బడి పిల్లలకే పరిమితం కాదు. చుట్టుపక్కల గల్లీల మరాఠీ, ఉర్దూ మాధ్యమం అమ్మాయిలు కూడా రావచ్చు. భాష సమస్య రాదా అంటే వస్తుంది. కిట్టు మీద రాసింది ఇంగ్లీషు, వివరించేది తెలుగు, పక్క అమ్మాయి అడిగేది మరాఠీ, పోట్లాట హిందీలో. మేము పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే వస్తువు పేరు ఇంగ్లీషులోనే ఉంచడం, అది చేసే పనిని మాత్రం ఎవరి భాషలో వాళ్లు చెప్పడం. సెన్సర్‌ను సెన్సరనే అంటాం. కానీ అదేం చేస్తుందో అమ్మాయి తన తెలుగులో చెప్పలేకపోతే ఆమెకు అర్థం కాలేదని లెక్క. పేరు బట్టీ పట్టడం వేరు, తెలియడం వేరు.

నేర్పేవాళ్లంతా ఇంజినీర్లే కానక్కర్లేదు. విష్ణుపురిలో 1981 నుంచి శ్రీ గురు గోవింద్ సింగ్‌జీ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. అక్కడ చదివే మన పిల్లలు సెలవు రోజున వచ్చి చెబితే సంతోషం. కానీ వారం వారం తప్పకుండా పనికివచ్చేది మోటారు వైండింగ్ షాపు అన్న, మొబైల్ రిపేరు చేసే తమ్ముడు. మల్టీమీటరు పట్టడం, తెగిన వైరు కనిపెట్టడం వాళ్లు చూపించినంత బాగా పుస్తకం చూపించదు. కుట్టుపని చేసే తల్లుల సంగతి సరేసరి. సన్నని వైరు చివర ఒలవడం, ముడి జారకుండా బిగించడం వాళ్ల చేతికి వచ్చిన పనే. ఒక తల్లి వచ్చి కూర్చుంటే నాలుగు జట్ల వైర్లు సరి అవుతాయి.

కిట్టులో ఏముంటుంది, ఎంతవుతుంది

పేరున్న విదేశీ బొమ్మల కంపెనీ సెట్లు అందంగా ఉంటాయి. ఒక్క సెట్టు ధరకు మన కిట్లు పదికి పైగా వస్తాయి. మన కిట్టులో ఒక ఆర్డునో ఊనో రకం బోర్డు (2005లో ఇటలీలో ఈ బోర్డుల పని మొదలైంది, నమూనా అందరికీ ఇచ్చేశారు కాబట్టి చవక కాపీలు కూడా న్యాయమైనవే), మోటార్లను నడిపే ఎల్298ఎన్ డ్రైవర్, పసుపు రంగు బీవో మోటార్లు రెండు, చక్రాలు, ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు రెండు, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, బ్రెడ్‌బోర్డు, వైర్లు, బ్యాటరీ పెట్టె ఉంటాయి. ఇప్పటి ధరల్లో అన్నీ కలిపి సుమారు 1,500 నుంచి 2,000 రూపాయలు. ముగ్గురు నలుగురికి ఒకటి. ఇరవై మంది పిల్లలకు ఆరు కిట్లు చాలు. పిల్లల నుంచి ఫీజు తీసుకోము, కిట్టు ఇంటికి ఇవ్వము.

బ్యాటరీ దగ్గర అందరూ చేసే తప్పు చెబుతాను, మేమూ చేశాం. దుకాణంలో దొరికే చదరపు 9 వోల్టుల బ్యాటరీ పెడతారు. బోర్డు మీద లైటు వెలుగుతుంది, కానీ చక్రం తిరగదు. వోల్టేజీ ఉంది గానీ మోటారుకు కావలసినంత కరెంటు ఆ బ్యాటరీ ఇవ్వలేదు. సన్నని పైపుతో పొలం తడపడం లాంటిది. మళ్లీ చార్జి చేసుకునే ఏఏ సైజు సెల్లులు ఆరు పెట్టండి. ఒక్కోటి 1.2 వోల్టులు, మొత్తం 7.2. డ్రైవరులో సుమారు 2 వోల్టులు పోతాయి, మోటారుకు 5కు పైగా మిగులుతుంది, చాలు. లిథియం సెల్లులు బలమైనవే కానీ తప్పుగా కలిస్తే మంటలంటుకుంటాయి, అందుకని మా గదిలో వాటికి చోటు లేదు.

మిగతా జాగ్రత్తలు కూడా ఇక్కడే. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల కరెంటుతో ఏ ప్రయోగమూ చేయించము. టంకం వేసే ఇనుము 350 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, ఎనిమిదో తరగతి పైవాళ్లే, పెద్దవాళ్లు పక్కన ఉంటేనే ముట్టాలి. టంకంలో సీసం ఉండవచ్చు, చేతులు సబ్బుతో కడుక్కునే తినాలి. జడ వెనక్కి కట్టి, ఓఢ్నీ పిన్ను పెట్టుకుని రావాలి.

ఏ వరుసలో నేర్పుతాం

మొదటి నెల కంప్యూటరు ముట్టము. పాత టూత్‌బ్రష్ తల, సెల్‌ఫోన్ లోపలి చిన్న కంపన మోటారు, గుండీ సెల్లు. మూడూ అతికిస్తే బ్రష్ బల్ల మీద పురుగులా పరిగెడుతుంది. నేరుగా పోవడం లేదేం? కుచ్చు ఎటు వంగితే అటు పోతుంది. ఇక్కడే పిల్లలు 'చూసి, మార్చి, మళ్లీ చూడు' అనే పద్ధతి నేర్చుకుంటారు.

రెండో మెట్టు గీత వెంట నడిచే బండి. అన్నిచోట్లా తెల్ల కాగితం మీద నల్ల టేపు వేస్తారు. మా పిల్లలు ముగ్గు వేద్దామన్నారు. నల్లని బండ మీద తెల్ల ముగ్గు. అంటే లెక్క తిరగబడింది. తెలుపు ఇన్‌ఫ్రారెడ్ కాంతిని తిప్పికొడుతుంది, నలుపు మింగేస్తుంది. గీతకు రెండు వైపులా రెండు సెన్సర్లు ఉంటాయి. రెండూ నలుపే చూస్తే నేరుగా పోవాలి. ఎడమది తెలుపు చూసిందంటే బండి కుడికి జరిగిపోయిందన్నమాట, ఎడమకు తిప్పాలి. కుడిది చూస్తే కుడికి. రెండూ ఒకేసారి తెలుపు చూస్తే? అక్కడ గీతలు కలుస్తున్నాయి, ఏం చెయ్యాలో మీరే చెప్పండి అంటాను. ఈ ప్రశ్నకు ఒక శనివారమంతా పోయింది, నాకేం బాధ లేదు.

ఆ ముగ్గు బండి రెండుసార్లు విఫలమైంది. మొదట ముగ్గుపిండి పళ్లచక్రాల్లో చేరి మోటారు కరకరలాడి ఆగింది. పిండి తీసేసి తెల్ల టేపు వేశారు. తర్వాత వరండాలోకి తెస్తే పిచ్చిపట్టినట్టు తిరిగింది. గదిలో బాగా నడిచింది, బయట ఏమైంది? ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి సెన్సరుకు నేలంతా తెలుపే. ఒక ఏడో తరగతి అమ్మాయి అట్టముక్కతో సెన్సరుకు గొడుగు కట్టింది, నడిచింది. ఎవరూ చెప్పలేదు ఆమెకు.

మూడోది దూరం కొలవడం. అల్ట్రాసోనిక్ సెన్సర్ మన చెవికి వినపడని ధ్వనిని పంపుతుంది, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలం కొలుస్తుంది. ధ్వని మైక్రోసెకనుకు సుమారు 0.034 సెంటీమీటర్లు పోతుంది. తిరిగి రావడానికి 1,000 మైక్రోసెకన్లు పడితే 34 సెంటీమీటర్లు. పోను రాను కలిపి కాబట్టి సగం, 17. స్కేలు పెట్టి చూస్తే 17కే వస్తుంది. తొమ్మిదో తరగతి ధ్వని పాఠంలోని ప్రతిధ్వని లెక్క ఇదే. పరీక్షలో ఈ లెక్క వస్తే మా పిల్లలు సగం చేయడం మరిచిపోరు.

బతుకమ్మ ముందు మోటారు మీద తిరిగే చిన్న బతుకమ్మ చేస్తారు. మోటారు వేగం తగ్గించకుండా నడిపితే తంగేడు పూలు గోడకు పోయి తగులుతాయి. అది కూడా పాఠమే.

ఒక్క నియమం మాత్రం కఠినం. ప్రతి అరగంటకు పనులు మారాలి. వైర్లు కలిపినామె ప్రోగ్రాముకు, ప్రోగ్రాము రాసినామె పరీక్షించడానికి, పరీక్షించినామె నోటుబుక్కుకు. తెలివైన ఒక్క పిల్ల అంతా చేసేసి మిగతావాళ్లు చూస్తూ ఉండిపోవడం ఆడపిల్లల జట్టులోనూ జరుగుతుంది.

నల్లా రోజు

కిందటేడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వారం విడిచి వారం రావడం మొదలుపెట్టింది. అడిగితే, శనివారం నల్లా వస్తుంది సార్, అమ్మ పనికి పోతుంది, నీళ్లు నేనే పట్టాలి అంది. ఆమె జట్టువాళ్లే ఒక ఆలోచన చేశారు. డబ్బాలో రెండు తీగలు, ఒక ట్రాన్సిస్టర్, ఒక బజర్. నీళ్లు తీగలకు తగిలితే మోగుతుంది. పరికరం చక్కగా పనిచేసింది. అమ్మాయి మాత్రం రాలేదు. బజర్ మోగితే లేచి బిందెలు పట్టే చేతులు ఇంకొకరివి కావాలి కదా. ఆ ఇంట్లో పదకొండో తరగతి చదివే అన్న ఉన్నాడు. నేను వాళ్లింటికి వెళ్లి తల్లితో, అన్నతో కూర్చుని మాట్లాడాను. శనివారం అన్న నీళ్లు పడుతున్నాడు, మిగతా రోజులు అమ్మాయి. ఇప్పుడామె క్లబ్బుకు వస్తోంది. బజర్ కూడా వాళ్లింట్లో ఉంది, అన్నకు పనికివస్తోందట.

ఇది ఎందుకు రాశానంటే, క్లబ్బు నుంచి పిల్లలు జారిపోయేది కిట్టు కష్టమై కాదని నా అనుభవం. నల్లా, తమ్ముడు, వంట, "పెద్దదయింది" అన్న మాట. మీ అమ్మాయి రాలేని పరిస్థితి ఉంటే మాన్పించే ముందు ఒక్కసారి నాతో మాట్లాడండి. వేళ మార్చవచ్చు, చెల్లెల్ని వెంట పంపవచ్చు. చిన్నపిల్లలు కూర్చోవడానికి ఒక చాప, బొమ్మల డబ్బా ఉన్నాయి.

మార్కులు, ఖర్చు, ముందు దారి

మొదటి ప్రశ్నకు వస్తాను. లేదు, పదో తరగతి బోర్డు మార్కుల్లో రోబోటిక్స్‌కు విడిగా ఏమీ కలవదు. కలుస్తుందని ఎవరైనా చెప్పి ఫీజు అడిగితే నమ్మకండి. పదో తరగతి పిల్లలను దీపావళి తర్వాత క్లబ్బుకు మేమే రానివ్వము, చదువుకోమంటాం. లాభం పాఠాల్లో కనిపిస్తుంది: విద్యుత్తు, ధ్వని, కాంతి, గణితంలో నిష్పత్తులు.

ఆలోచన మంచిదైతే డబ్బు వచ్చే దారి ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకంలో 6వ తరగతి నుంచి పిల్లల సొంత ఆలోచనలను బడి తరఫున ఆన్‌లైన్‌లో పంపుతాం. ఎంపికైతే నమూనా చేయడానికి 10,000 రూపాయలు నేరుగా విద్యార్థి ఖాతాలో పడతాయి. అందుకని మీ అమ్మాయి పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి ఉంచండి. ఆధార్‌లో పేరు, బడి రిజిస్టరులో పేరు ఒకేలా ఉండాలి. తెలుగు ఇంటిపేర్లను మరాఠీలో రకరకాలుగా రాయడం వల్ల ఇక్కడే చిక్కులు వస్తున్నాయి.

అటల్ టింకరింగ్ ల్యాబ్ మనకు ఎందుకు లేదని కొందరు అడుగుతున్నారు. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన ఆ పథకంలో ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం వస్తుంది, దేశంలో 10,000 ల్యాబులు వచ్చాయి. దానికి పెద్ద గది చూపించాలి, మనకు అంత చోటు లేదు. 2025 బడ్జెట్‌లో ఐదేళ్లలో ఇంకో 50,000 అన్నారు, అవి ప్రభుత్వ బడులకు. ల్యాబు ఉన్న బడిని అడిగి నెలకొకసారి మన పిల్లలను తీసుకుపోవడం మనం చేయగలిగిన పని.

పోటీల గురించి తొందర పడవద్దు. వరల్డ్ రోబో ఒలింపియాడ్ 2004 నుంచి జరుగుతోంది, 2016లో దాని ప్రపంచ ఫైనల్స్ మన ఢిల్లీ దగ్గరే జరిగాయి. వాటికి ప్రవేశ రుసుము, ప్రయాణం, కిట్టు ఖర్చు ఎక్కువ. మొదటి ఏడు తాలూకా విజ్ఞాన ప్రదర్శన చాలు. అక్కడ అమ్మాయి తన బండి ఎందుకు ఆగిపోయిందో పరీక్షకుడికి చెప్పగలిగితే నాకు బహుమతి వచ్చినట్టే.

పదో తరగతి తర్వాత నాందేడ్‌లోనే ప్రభుత్వ పాలిటెక్నిక్, ఐటీఐ ఉన్నాయి. పన్నెండు తర్వాత ఇంజినీరింగ్. ఫీజు భయంతో ముందే ఆగిపోకండి: 2024-25 నుంచి మహారాష్ట్రలో కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్న అర్హులైన అమ్మాయిలకు, కేంద్రీకృత ప్రవేశ పద్ధతిలో వృత్తివిద్యా సీటు వస్తే ట్యూషన్, పరీక్ష ఫీజు పూర్తిగా మాఫీ. ఏ వర్గానికి ఏ పథకమో, ఏ దాఖలాలు కావాలో ఆఫీసులో అడిగితే చెబుతారు. ఆదాయం, కులం దాఖలాలు తొమ్మిదో తరగతిలోనే తీయించి పెట్టుకోవడం మేలు. పన్నెండు అయ్యాక తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లను ప్రతి ఏడూ చూస్తున్నాను.

చేరాలనుకునే 6 నుంచి 9వ తరగతి అమ్మాయిలు అంగీకార పత్రం ఆఫీసులో తీసుకోవాలి. తెలుగులో, మరాఠీలో రెండింటిలోనూ ఉంది. తల్లి, తండ్రి ఇద్దరి సంతకాలు కావాలి, వేలిముద్ర అయినా సరే. ఒకే పెద్ద ఉన్న ఇళ్లలో ఆ ఒక్కరి సంతకం చాలు. మొదటి శనివారం వచ్చేటప్పుడు ఒక పాత టూత్‌బ్రష్, ఇంట్లో పాడైపోయి పడి ఉన్న బొమ్మ గానీ రిమోట్ గానీ తీసుకురావాలి. సెల్లులు తీసేసి తేవాలి. వాటిని విప్పడంతోనే మొదలుపెడతాం.